మీసము, మకుటము, ముద్ర: రచయిత తన్ను తాను పరిచయము చేసికొను విధము

పుస్తకము వ్రాయుట ఒక శ్రమ. వ్రాసినదానిని పాఠకుని చేతికి చేర్చుట మరియొక శ్రమ. మొదటి శ్రమకు ఏండ్ల తరబడి ఓర్చుకొన్న మన రచయితలలో చాలమంది రెండవదానిని తమ గౌరవమునకు తగని పనిగా భావించి, స్వంతఖర్చుతో అచ్చు వేయించిన ఐదువందల ప్రతులలో కొన్నిటిని ఆవిష్కరణ సభనాడు బంధుమిత్రులకు సంతకము చేసి పంచిపెట్టి, తక్కినవానిని కట్టలు విప్పకుండనే అటకమీదికి ఎక్కించి, మంచి పుస్తకమునకు ఎప్పటికైనను కాలము వచ్చునని తమను తాము ఓదార్చుకొనుచుందురు. అటకమీది పుస్తకమునకు కాలము రాదు. ఆ పుస్తకము వెలువడినదనియు, దానిని వ్రాసినవాడు ఫలానావాడనియు, ఆ ఫలానావాని వ్రాతలో దొరకునది ఇట్టిదనియు తెలిసిన పాఠకుడు ఒక్కడైనను దుకాణమునకు పోయి అడిగిననాడే దానికి కాలము వచ్చును. ఆ పాఠకుని జ్ఞాపకములో రచయిత ఏ రూపముతో నిలువవలెను, ఆ రూపమును ఎట్లు తీర్చుకొనవలెను అనునది ఈ అధ్యాయమునకు విషయము.

ముందుగా ఒక సందేహమును తీర్చుకొనవలెను. తన్ను గూర్చి తాను చెప్పుకొనుట మన సంప్రదాయములో దోషము కాదా? ఆత్మప్రశంస ఆత్మహత్యతో సమానమని భారతములో శ్రీకృష్ణుడే అర్జునునకు చెప్పినాడు గదా యని పెద్దలు అడుగుదురు. నిజమే. కాని ఆ భారతమునే తెనిగింపబూనిన నన్నయభట్టు, పదునొకండవ శతాబ్దములో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో నుండి, అవతారికలో తన్ను గూర్చి చెప్పుటకు వెనుదీయలేదు. తన జపహోమనిష్ఠను, పురాణవిజ్ఞానమును, శబ్దశాస్త్రమునందలి అధికారమును, ఉభయభాషలలో కావ్యము చెప్పగల నేర్పును ఒక్క సీసపద్యములో పొందుపరచినాడు. ఆ విశేషణములలో చాలవానిని నేడు పండితులు తప్ప ఎవరును తలపరు. శబ్దశాసనుడన్న ఒక్క మాట మాత్రము తొమ్మిదివందల యేండ్లకు పైబడి ఆయన పేరును వీడక వెంట నడచుచున్నది. ఆ మాటకు ఆయన పద్యములన్నియు సాక్ష్యము పలికినవి గనుకనే అది నిలిచినది. శ్రోతనుండి గౌరవమును అడుగునది ఆత్మస్తుతి. తన కావ్యములో ఏమి దొరకునో శ్రోతకు ముందుగా తెలుపునది పరిచయము. మన పూర్వకవులు అవతారికలలో చేసినది ఈ రెండవ పని. శతకకవులు ఇంకను ఒక అడుగు ముందుకు వేసి, ప్రతి పద్యమునకును మకుటము తగిలించినారు. అచ్చుయంత్రము లేని కాలములో, చదువురానివారి నోళ్లమీదుగా ఊరూరు తిరిగిన పద్యము తన కర్తను, తన శతకమును మరువనీయక తెచ్చుటకు ఆ మకుటమే ఆధారమైనది. కాబట్టి ప్రచారమనునది పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని సిగ్గుపడవలసిన పని లేదు. మనకు తెలిసిన విద్యనే మనము మరచితిమి.

ఆధునికులలో ఈ విద్యను తిరుపతి వేంకటకవులకంటె బాగుగా ఎరిగినవారు నాకు కనబడరు. దివాకర్ల తిరుపతిశాస్త్రియు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. ఇరువురును సంస్కృతము చదివిన వైదిక పండితులు. ఆ కాలమున ఆ వర్గపు పండితులు మీసము పెంచుట ఆచారవిరుద్ధము. వీరు పెంచినారు. ఆక్షేపించినవారికి పద్యముతోనే సమాధానము చెప్పినారు. ఇది దోషమని తమకు తెలియకపోలేదనియు, రెండు భాషలలోను తామే కవులమని చాటుటకే పెంచితిమనియు, రోషము గలవారెవరైనను తమ్ము గెలిచినచో మీసములు తీసివేసి పాదములకు మ్రొక్కుదుమనియు ఆ పద్యసారాంశము. ఈ మాట వినుటతోనే అది కేవలము అహంకారమని తీర్పు చెప్పువారు ఒక్క క్షణము ఆగి, ఆ మీసము చేసిన పనిని పరిశీలింపవలెను.

మొదటిది, అది దూరమునుండియే కనబడునది. సభలో పదిమంది పండితులు కూర్చున్నప్పుడు వీరెవరో వేరుగా చెప్పవలసిన అవసరము లేదు. అది ఆచారమునకు ఎదురు నిలిచినది గనుక చూచిన ప్రతివాడును 'ఇదేమి?' అని అడిగి తీరును. నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇచటనే కలదు: ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము వారి ముఖమును గూర్చినది కాదు, వారి కవిత్వమును గూర్చినది. మీసమును చూచి అడిగినవాడు అవధానమునకు వచ్చి కూర్చుండవలసినదే. గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి, పిఠాపురము మొదలైన సంస్థానములలో వారు పృచ్ఛకుల ఎదుట నిలిచి చేసిన శతావధానములు ఆ మీసమునకు ప్రమాణపత్రములైనవి. సంస్థానములలో చెప్పిన పద్యములను 'నానారాజసందర్శనము' పేరుతో గ్రంథముగా కూర్చి, సభ ముగిసిన తరువాత కూడ ఆ సభ మరుగున పడకుండ చూచుకొన్నారు. 1920లో తిరుపతిశాస్త్రి పరలోకగతుడైన తరువాత వేంకటశాస్త్రిగారు మరి ముప్పది సంవత్సరములు జీవించి, మద్రాసు ప్రభుత్వపు ఆస్థానకవి యైనంతటి ప్రతిష్ఠను పొందియు, జంటపేరును విడువలేదు. ఒంటిగా వ్రాసిన గ్రంథములమీద సహితము మిత్రుని పేరు నిలుపుట ఆయన స్నేహమునకు గుర్తు. పాఠకునికి ఒకసారి ఇచ్చిన పేరును మధ్యలో మార్చరాదన్న ఎరుకకును అది గుర్తేనని నా అభిప్రాయము.

ఈ దృష్టాంతమునుండి వర్ధమాన రచయిత గ్రహింపవలసిన సూత్రము మీసము పెంచుమని కాదు. మీరు ధరించునదియో, పలుకునదియో, మీ పేరున చేర్చుకొన్నదియో ఏదైన ఒక గుర్తును జనులు చూచి 'ఎందుకు?' అని అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు సత్యమైన సమాధానము మీ పుస్తకమైయుండవలెను. సమాధానము పుస్తకమువరకు పోక మీ దగ్గరనే ఆగిపోయినచో, ఆ గుర్తు మీకు కొంత వినోదమును చేకూర్చునే కాని పాఠకుని చేకూర్పదు.

ఇంకొక హెచ్చరిక. ఒకని గుర్తు మరియొకనికి పనికిరాదు. 1925లో 'కృష్ణపక్షము' ప్రకటించిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గిరజాల జుట్టు, లాల్చీ, మృదువైన పలుకు చూచి, ఆంధ్రదేశమున కాలేజీ యువకులు గుంపులు గుంపులుగా జుట్టు పెంచి విరహగీతములు వ్రాసినారు. ఆ గుంపులో ఎవరి పేరును నేడు మనకు తెలియదు. కృష్ణశాస్త్రిగారికి ఆ వేషము పద్యములోని సున్నితత్వమునకు కొనసాగింపు. అనుకరించినవారికి అది అరువు తెచ్చుకొన్న వస్త్రము. 1960ల ఆరంభములో గొంతువ్యాధి వలన ఆయన కంఠస్వరమే పోయినది. మాటతో సభలను ముగ్ధము చేసినవాడు ఆ మీదట చిన్న చిన్న కాగితపు ముక్కలమీద వ్రాసి సంభాషించినాడు. ఆ కాగితపు ముక్కలును ఆయన మూర్తిలో భాగములైనవి. జీవితము మీ రూపమును మార్చినప్పుడు దానిని దాచుటకు ప్రయత్నింపక అంగీకరించినచో, పాఠకునికి మీమీది ప్రేమ తగ్గదు, పెరుగును.

మరి మీ గుర్తును ఎచట వెదకవలెను? వస్త్రములలోను కేశములలోను వెదకుటకంటె, మీ వ్రాతలో వెదకుట శ్రేయస్కరము. మీ బంధువులు కానివారిని, మీకు ఉపకారము చేయదలచినవారు కానివారిని ముగ్గురు పాఠకులను ఎన్నుకొని, మీ పుస్తకము చదివిన నెల తరువాత, దానిని మరల తెరవకుండ, అందులో జ్ఞాపకమున్నది ఒక్క వాక్యములో చెప్పుమని అడుగుడు. చదివిన వెంటనే అడిగినచో మర్యాదకొరకు మాటలు చెప్పుదురు. నెల గడచిన తరువాత మర్యాద మిగులదు, జ్ఞాపకము మిగులును. ముగ్గురి వాక్యములలోను ఏదేని ఒక ఊరో, ఒక వృత్తియో, ఒక పలుకుబడియో, ఒక విధమైన మనుష్యులో మరల మరల వచ్చినచో, మీ గుర్తు అదియే. అది మీరు ఆశించినదానికంటె చిన్నదిగా తోచవచ్చును. నేను మానవ జీవితమునంతను చిత్రించితినని మీరు తలచుచుండగా, వారికి మీ పుస్తకములోని సంతబేరములు మాత్రము జ్ఞాపకముండవచ్చును. అట్లయినచో సంతబేరముల రచయితగా ప్రసిద్ధి పొందుటకు సంకోచింపకుడు. సత్యము శంకరమంచి కృష్ణాతీరమందలి ఒక్క ఊరిని గూర్చి నూరు కథలు వ్రాసి, 'అమరావతి కథలు' అను పేరుతో ప్రకటించి, ఆ గ్రంథమునకు 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారము పొందినాడు. బాపు బొమ్మలతో కూడిన ఆ పుస్తకము చదివినవానికి నేటికిని అమరావతి యనగానే శంకరమంచి పేరు స్ఫురించును. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటను ఏ సంస్కరణమును చేయక అచ్చులోనికి తెచ్చి, తన్ను 'మిట్టూరోడు' అని పిలుచుకొన్నాడు. పసలపూడిని గూర్చి వ్రాసిన వంశీగారి కథలును ఇట్టివే. వీరెవరును ఊరికి పరిమితమైపోలేదు. ఊరు వారికి ద్వారమైనది. ఆ ద్వారమున ప్రవేశించిన పాఠకుడు లోపలి మానవ జీవితమును తానే చూచుకొన్నాడు.

పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన పేర్లు దీర్ఘములు. ఇంటిపేరు, తాతపేరు, తిథివారములు కలిసి ఒక్కొక్కప్పుడు అట్టమీద రెండు వరుసలు ఆక్రమించును. పుస్తకాల దుకాణములో నిలుచుండి ఒక కుర్రవాడు తడబడక అడుగగలిగినంత పొట్టిగా పేరుండుట మేలు. శ్రీరంగము శ్రీనివాసరావు శ్రీశ్రీ అయినాడు. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ఆరుద్ర అయినాడు. రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయినాడు. దాశరథి కృష్ణమాచార్యులకు ఇంటిపేరే చాలినది. కలముపేరు పెట్టుకొనుటకు ముందు ఆ పేరుతో మరియొకరు వ్రాయుచున్నారేమో విచారింపవలెను. తెలుగులోను ఇంగ్లీషులోను దాని అక్షరక్రమము ఒక్క విధముగనే ఎల్లప్పుడు వ్రాయవలెను. ఒక పత్రికలో ఇంటిపేరు ముందును, మరియొక పత్రికలో పొడి అక్షరములును, ఫేస్‌బుక్కులో పిల్లవాని పేరును జోడించి వ్రాయువానిని పాఠకుడు ముగ్గురు మనుష్యులుగా భావించును. పేరు మీరు మీ ముఖముతో కలిపి చూపగలదియై యుండవలెను. 1960, 70 దశకములలో వారపత్రికలలో స్త్రీల నవలలకు ఆదరణ విపరీతముగా పెరిగినప్పుడు, కొందరు పురుషులు స్త్రీల పేర్లు పెట్టుకొని వ్రాసినారు. కొన్నాళ్లు ఆ పేర్లు అమ్ముడుపోయినవి. కాని ఆ రచయితలు పాఠకురాలి ఎదుటికి వచ్చి నిలువలేకపోయిరి. ఆమె వ్రాసిన ఉత్తరమునకు ఏ పేరుతో సంతకము చేయవలెనో తెలియని స్థితి ఎంతటి క్లేశమో ఊహించుకొనుడు. వేరొకచోట రచయిత పేరు శీర్షికతో కలిసిపోవుటయు కలదు. కాళోజీ నారాయణరావుగారు తమ కవితాసంపుటములకు 'నా గొడవ' అని పేరు పెట్టినారు. ఆ రెండు మాటలలో కవి ఎవరో, ఎవరి పక్షమున మాటాడుచున్నాడో, ఎంత సూటిగా మాటాడునో అంతయు తెలిసిపోవును. సంపుటము తరువాత సంపుటముగా అదే పేరు సాగుటచేత అది శతకమునకు మకుటమువలె ఆయన బ్రదుకంతటికిని మకుటమైనది.

ఫోటోను గూర్చి వాల్ట్ విట్మన్ చేసిన పని ప్రతి రచయితయు తెలిసికొనదగినది. 1855లో, ముప్పదియారేండ్ల వయస్సున, అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక చిన్న అచ్చుకూటమున, 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' అను గ్రంథమును 795 ప్రతులు స్వంతఖర్చుతో అచ్చు వేయించినాడు. కొన్ని పుటలకు అక్షరములు స్వయముగా కూర్చినాడు. ముఖపత్రముమీద కవిపేరు లేదు. పేరుండవలసినచోటికి ఎదుటి పుటలో ఒక చిత్రము: మెడదగ్గర గుండీ విప్పిన చొక్కా, తలమీద ఒకింత వాలిన టోపీ, ఒక చేయి నడుముమీద, మరియొకటి జేబులో. ఆ కాలపు కవులు నల్లని కోటు తొడిగి, గ్రంథములమధ్య కూర్చుండి, చేయి గడ్డమునకు ఆనించి చిత్రములు గీయించుకొనుచుండిరి. పనివాని దుస్తులలో నిలుచున్న ఈ మనిషిని చూచిన పాఠకునికి, ఛందస్సు విడిచిన ఆ దీర్ఘ పంక్తులు ఎవరి నోటినుండి వెలువడుచున్నవో పుట తిప్పకముందే తెలిసినది. రూపమును వ్రాతయు ఒకే మాట పలికినవి. నేను చూచినంతవరకు మన పుస్తకముల వెనుక అట్టమీది ఫోటోలలో అధికభాగము పెండ్లిలోనో, పదవీవిరమణ సభలోనో తీసిన ఫోటోనుండి కత్తిరించినవి. మెడలో దండ అంచును, పక్కవాని భుజమును కనబడుచుండును. పుస్తకమునకొరకు ఏండ్లు వెచ్చించినవాడు ఫోటోకొరకు ఒక పూట వెచ్చింపలేడా? మీరు వ్రాయుచోట, మీరు వ్రాయు మనుష్యుల నడుమ, నిత్యము ధరించు బట్టలతో, పగటి వెలుతురులో ఒక ఫోటో తీయించుకొని, పుస్తకమునకు, పత్రికకు, సభా ఆహ్వానపత్రమునకు, ఫేస్‌బుక్కునకు దానినే వాడుడు.

విట్మన్‌నుండియే చేయరాని పనులును నేర్చుకొనవలెను. ఆయన తన గ్రంథమునకు తానే, పేరు లేకుండ, పత్రికలలో ప్రశంసాసమీక్షలు వ్రాసినాడు. ఆ గ్రంథమును మెచ్చుకొనుచు ఎమర్సన్ అంతటి పెద్ద ఆయనకు స్వయముగా ఒక లేఖ వ్రాయగా, 1856లో వెలువడిన రెండవ కూర్పు వెన్నుమీద ఆ లేఖలోని ఒక వాక్యమును బంగారు అక్షరములతో, అనుమతి కోరకుండనే, అచ్చు వేయించినాడు. లోపల లేఖనంతను ప్రకటించినాడు. గొప్ప కవి యగుటచేత లోకము కాలక్రమమున ఆ తప్పులను దాటి కవిత్వమును చూచినది. కాని అవి తప్పులే. మనకును ఈ ప్రలోభము నిత్యము ఎదురగుచుండును. పెద్దవారొకరు వాట్సాపులో పంపిన మెచ్చుకోలును వారికి తెలియకుండ అట్టమీదికి ఎక్కించుట, మిత్రులచేత వరుసగా సమీక్షలు వ్రాయించుట, ఒకరి పుస్తకమును మరియొకరు మహాకావ్యమని చాటుకొనుట మొదలైనవి పాఠకుడు ఒకటి రెండుసార్లు నమ్మి, మూడవసారి మీ పుస్తకమును మాత్రమే కాదు, తెలుగు పుస్తకమును కొనుటయే మానివేయును. ఈ నష్టము మీ ఒక్కరిదే కాదని గుర్తింపవలెను. పెద్దల మాట కావలెననినచో నిర్భయముగా అడుగుడు. ఇచ్చినచో వారు అనుమతించిన మాటలనే వాడుడు. ఇవ్వనిచో పుస్తకమును ఆ మాట లేకుండనే పంపుడు.

ముందుమాట రచయిత రూపమును నిర్మించుటలో ఎంత పని చేయగలదో చూపుటకు చలము 'మహాప్రస్థానము'నకు వ్రాసిన 'యోగ్యతాపత్రము' చాలును. 1950లో ఆ గ్రంథము వెలువడినప్పటినుండియు దానిని చదివినవారు శ్రీశ్రీని చాలవరకు చలము కన్నులతో చూచినారు. మామూలు పీఠికలవలె కవి వంశమును, విద్యను, బిరుదములను ఏకరువు పెట్టక, ఆ గీతములు తన్ను ఏమి చేసినవో చలము చెప్పినాడు. మీరు ముందుమాట కోరునప్పుడు బిరుదములు గలవానిని కోరుటకంటె, మీ పుస్తకము ఎవరి హృదయమును నిజముగా తాకినదో వానిని కోరుట మంచిది. ఆయన పేరు ఎవరికిని తెలియకపోయినను సరే.

మార్క్ ట్వేన్ తెల్లని దుస్తుల కథను క్లుప్తముగా చెప్పెదను. నేడు లోకమునకు తెలిసిన ఆ తెల్లని సూటు ఆయన యౌవనములోనిది కాదు. 1906 డిసెంబరులో, డెబ్బదియొక్క యేండ్ల వయస్సున, రచయితల గ్రంథస్వామ్యపు గడువును పెంచవలెనని వాషింగ్టనులో శాసనసభ్యుల ఎదుట వాదించుటకు పోయినప్పుడు, అందరును చలికాలపు ముదురురంగు కోట్లలో ఉండగా ఆయన తెల్లని సూటుతో వచ్చినాడు. పత్రికలవారు ఆ దుస్తులను వర్ణించుచు గ్రంథస్వామ్యమును గూర్చియు వ్రాయకతప్పలేదు. ఆ తరువాత ఆయన జీవించినది నాలుగేండ్లు కూడ కాదు; అయినను ఆ రూపమే నిలిచినది. నాకు వయస్సు మీరినది, ఇప్పుడేమి ముద్ర యని నిరాశపడు పెద్దలు దీనిని మనసున నుంచుకొనవలెను.

సభలను గూర్చి. మన ఆవిష్కరణ సభలలో అధ్యక్షుడు, ముఖ్యఅతిథి, విశిష్టఅతిథి, ఆత్మీయఅతిథి మాటాడిన తరువాత, సగము కుర్చీలు ఖాళీయైన వేళ, రచయితకు స్పందన చెప్పు అవకాశము వచ్చును. ఆయన ఆ కొద్ది నిముషములలో అందరికిని కృతజ్ఞతలు చెప్పి కూర్చుండును. వచ్చినవారు రచయిత కంఠమునుండి ఆయన వాక్యమొక్కటైనను వినకుండనే ఇంటికి పోవుదురు. ఇది నాకు ఎల్లప్పుడును బాధ కలిగించు విషయము. అతిథుల సంఖ్యను తగ్గించి, సభ మొదటిలోనే రచయిత తన పుస్తకమునుండి ఒకటి రెండు పుటలు చదువునట్లు ఏర్పాటు చేసికొనవలెను. చార్లెస్ డికెన్స్ తన నవలాభాగములను వేదికలమీద చదివి ఇంగ్లండులోను అమెరికాలోను జనమును ఆకర్షించినాడు. మన అవధానులును, హరికథకులును ఆ పని చేసినవారే. చదువదలచిన పుటను ఇంటిలో బిగ్గరగా పలుమార్లు చదివి చూచుకొనుడు. నోటికి అడ్డుతగిలిన వాక్యమును అచ్చులో కూడ మార్చవలసియుండునని అప్పుడు తెలియును. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలలో స్టాలుదగ్గర నిలుచున్నప్పుడును ఇదే పద్ధతి: పుస్తకము చేతిలో పెట్టి కొనుమని బ్రతిమాలుటకంటె, 'ఒక్క పేరా చదివి వినిపింతునా?' అని అడుగుట మేలు.

అందరికిని సభలు సరిపడవు. బిడియము దోషము కాదు. ఎన్నో నవలలు వ్రాసి లక్షలమంది పాఠకులను సంపాదించిన మల్లాది వెంకట కృష్ణమూర్తి తన ఫోటోను ప్రకటింపనీయని రచయితగా ప్రసిద్ధుడు. ఇటలీలో ఎలెనా ఫెరాంతె అను కలముపేరుతో వ్రాయు రచయిత్రి 1992లో మొదటి నవల వెలువడినప్పటినుండియు ముఖము చూపకుండనే లోకప్రసిద్ధి పొందినది. అదృశ్యతయు ఒక ముద్రయే. కాని అది వ్రతమువలె పాటింపవలసినది. ఈ యేడు దాగి, మరుసటి యేడు పురస్కారసభలో కనబడి, ఆ మీదట మరల దాగినచో పాఠకుడు దానిని ముద్రగా తీసికొనడు. సభలకు పోలేనివారు పాఠకుల ఉత్తరములకు జవాబు వ్రాయుటయందైనను లోపము చేయరాదు. శాలువాలకంటె స్వదస్తూరితో వ్రాసిన నాలుగు పంక్తులు పాఠకుని ఇంట ఎక్కువకాలము భద్రముగా నుండును. నేటి పాఠకుడు వాట్సాపులో వ్రాసినను ఇదే మర్యాద వర్తించును.

సామాజిక మాధ్యమములను గూర్చి అధికముగా చెప్పను. అవి సాధనములు. ప్రతి పండుగకు శుభాకాంక్షలు, ప్రతి మరణమునకు సంతాపము, ప్రతి రాజకీయ వివాదమునకు తీర్పు ప్రకటించు రచయిత రూపము ఆ ప్రవాహములో కరిగిపోవును. మీ గుర్తుకు సంబంధించిన విషయమును మాత్రమే ఎన్నుకొని, వారమునకు ఒకసారి వ్రాసినను, శ్రద్ధతో వ్రాయుడు. నేతపనిని గూర్చి కథలు వ్రాయువాడు మగ్గమును గూర్చి, రంగులద్దకమును గూర్చి, ఆ వృత్తిపదములను గూర్చి వ్రాసినచో, ఏడాది గడచునప్పటికి మగ్గమును గూర్చి సందేహము కలిగిన ప్రతివాడును ఆయనను అడుగును. అడిగినవారు పుస్తకమునకును వత్తురు.

ఇక వెనుక అట్టమీది పరిచయము. మన అట్టలమీద జన్మస్థలము, తల్లిదండ్రుల పేర్లు, పట్టములు, ఉద్యోగము, సన్మానములు, సంతానము ఏయే దేశములలో నున్నదియు వరుసగా కనబడుచుండును. ఆ పుస్తకమును ఆయనయే ఎందుకు వ్రాయవలసివచ్చెనో మాత్రము కనబడదు. నాలుగు వాక్యములు చాలును. మొదటి వాక్యములో మీకును మీ వస్తువునకును గల సంబంధము ఉండవలెను: ఉదాహరణకు, గుంతకల్లు డివిజనులో ముప్పదియేండ్లు రైల్వేగార్డుగా పనిచేసిన వ్యక్తి స్టేషనుల కథలు వ్రాసినచో, ఆ ఉద్యోగమే మొదటి వాక్యము, డిగ్రీ కాదు. రెండవదానిలో మీ వ్రాత లక్షణము, అతిశయోక్తి లేకుండ. మూడవదానిలో ఇంతకుముందు ప్రకటించిన పుస్తకములు. నాలుగవదానిలో మీరుండు ఊరు, పాఠకుడు వ్రాయదగిన చిరునామా. విశేషణములను కొట్టివేయుడు, 'ప్రముఖ', 'సుప్రసిద్ధ', 'బహుముఖప్రజ్ఞాశాలి' అను మాటలు పాఠకుడు చెప్పవలసినవి. వ్రాసినదానిని మీ పేరు మూసి మరియొకరికి చూపి, ఇది మరే రచయితకైనను సరిపోవునేమో అడుగుడు. సరిపోయినచో మరల వ్రాయుడు. ఇట్లు కుదిరిన నాలుగు వాక్యములను పుస్తకమునకొక విధముగా మార్చక, పత్రికలవారికిని సభానిర్వాహకులకును వానినే పంపుడు. రెండవ పుస్తకము అచ్చునకు పోవునప్పుడు ఆ పాత పరిచయమును బయటికి తీసి చదివినచో, మీ గుర్తు కుదురుగా నున్నంతకాలము, మార్చవలసినది మూడవ వాక్యమొక్కటియే యగును.